చల్లదనం భావమా, అభావమా

చీకటి ఒక వస్తువు కాదనీ, వెలుతురు లేకపోవడానికే లోకం ఆ పేరు పెట్టుకున్నదనీ వాదించిన నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, చల్లదనం విషయానికి వచ్చేసరికి ఆ దారిన నడవలేదు. వేడి లేకపోవడమే చలి అని వారు అనలేదు. చల్లదనాన్ని నీటికి సహజంగా ఉన్న ఒక గుణంగా, అంటే ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉండే నిజమైన ధర్మంగా లెక్కలోకి తీసుకున్నారు. పదిహేడో శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, తర్కశాస్త్రంలో కొత్తగా అడుగుపెట్టేవారి కోసం రాసిన తర్కసంగ్రహంలో స్పర్శను మూడు విధాలుగా విభజించాడు: శీతం, ఉష్ణం, ఈ రెండూ కాని అనుష్ణాశీతం. శీతస్పర్శ నీటిది, ఉష్ణస్పర్శ తేజస్సుది, మూడోది భూమికీ వాయువుకూ చెందినది. ఆ గ్రంథానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఆయన చీకటిని పదో ద్రవ్యంగా ఒప్పుకోవాలా అన్న ఆక్షేపణను ఎత్తి, అక్కరలేదని, అది వస్తువులను బాగా కనబరచే తేజస్సు లేకపోవడం మాత్రమేనని తేల్చాడు. ఒకే శాస్త్రం చీకటిని లేనివాటి వరుసలోనూ, చల్లదనాన్ని ఉన్నవాటి వరుసలోనూ కూర్చోబెట్టడం పైపైన చూస్తే పొసగని పనిగా తోస్తుంది. ఆ తేడా వెనక ఆలోచన ఏదైనా ఉన్నదా, ఉంటే అది ఈనాటి పరీక్షకు నిలుస్తుందా అన్న ప్రశ్న తర్కవిద్యార్థులకే పరిమితమైనది కాదు. లేమిని గురించి, లేమిలా కనిపించేదాన్ని గురించి ఆలోచించే ఎవరికైనా అది ఎదురవుతుంది.

ఈ విచారణకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. మూలనపడిన కంప్యూటర్ నుంచి విప్పిన ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి సాకెట్‌లోని 230 వోల్టుల ఏసీ కరెంటును కంప్యూటర్ భాగాలకు పనికివచ్చే తక్కువ వోల్టుల డీసీగా మార్చే పెట్టె ఒకటీ, ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలలో పెల్టియర్ ప్లేటు అన్న పేరుతో దొరికే పలుచని బిళ్ల ఒకటీ ఉంటే చాలు. 1995లో ఇంటెల్ సంస్థ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణాన్ని అనుసరించే ఎస్ఎంపీఎస్‌లలో పసుపు తీగలు 12 వోల్టులు, ఎర్ర తీగలు 5 వోల్టులు, నారింజ తీగలు 3.3 వోల్టులు ఇస్తాయి. నల్లవి కరెంటు తిరిగి వచ్చే దారులు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసినంత మాత్రాన ఆ పెట్టె మేలుకోదు. పెద్ద కనెక్టరులోని ఆకుపచ్చ తీగను ఏదో ఒక నల్ల తీగతో కలిపితే, మదర్‌బోర్డు నుంచి ఆజ్ఞ అందినట్లుగా, లోపలి ఫ్యాను తిరగడం మొదలుపెడుతుంది. పాత పెట్టెలు కొన్నింటిలో ఎర్ర తీగల మీద కొంత భారం లేకపోతే పసుపు తీగల వోల్టేజి నిలకడగా ఉండదు గనుక, తెలిసినవారు వాటికి ఒక రెసిస్టరునో, బల్బునో తగిలిస్తారు. పెట్టె మూతను మాత్రం విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయం కలిగించగల విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఇక బిళ్ల సంగతి. ఎక్కువగా వాడుకలో ఉన్న టీఈసీ1-12706 రకం నాలుగు సెంటీమీటర్ల చదరంగా ఉంటుంది. రెండు తెల్లని పింగాణీ పలకల మధ్య బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకంతో చేసిన 254 చిన్న దిమ్మెలు 127 జతలుగా నిలబడి ఉంటాయి. పేరులోని 127 ఆ జతల సంఖ్యను, చివరి 06 అది తట్టుకునే ఆంపియర్లను చెబుతాయి. జతలో ఒక దిమ్మెలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లు. రెండో దిమ్మెలో మోసేవి ఎలక్ట్రాన్లు ఉండవలసిన చోట అవి లేకపోవడం వల్ల ఏర్పడిన ఖాళీలు, వీటినే శాస్త్రపరిభాషలో రంధ్రాలు అంటారు. పసుపు తీగను, నల్ల తీగను బిళ్ల తీగలకు కలిపినప్పుడు నాలుగైదు ఆంపియర్ల కరెంటు వరుసగా ఆ దిమ్మెలన్నిటి గుండా ప్రవహిస్తుంది. ఎలక్ట్రాన్లూ రంధ్రాలూ రెండూ ఒక ముఖం నుంచి రెండో ముఖం వైపే ప్రయాణిస్తూ, బయలుదేరిన చోట వేడిని తీసుకుని, చేరిన చోట దించుతాయి. కొద్ది క్షణాలలోనే ఒక పలక మీద సన్నని చెమ్మ పొర కమ్ముకుంటుంది, అది చుక్కలుగా కూడుతుంది, రెండో పలక వేడిని బయటకు పంపే ఏర్పాటు సరిగా ఉంటే ఆ చుక్కలు తెల్లబడి గడ్డకడతాయి.

దీనికి మూలమైన సంగతిని కనిపెట్టినవాడు ఫ్రాన్సులో గడియారాల పని చేసి, తరువాత ఆ పని మాని భౌతికశాస్త్రానికి అంకితమైన ఝాఁ పెల్టియర్. రెండు వేర్వేరు లోహాలు కలిసిన అతుకు గుండా కరెంటు పంపితే, కరెంటు నడిచే దిశను బట్టి ఆ అతుకు వేడెక్కడమో చల్లబడడమో జరుగుతుందని ఆయన 1834లో గమనించాడు. దాని అర్థాన్ని కళ్లకు కట్టినవాడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన లెంజ్. 1838లో ఆయన బిస్మత్, ఆంటిమొనీ కడ్డీల అతుకు మీద ఒక నీటిబొట్టు ఉంచి, కరెంటు ఒక దిశలో పంపి దానిని గడ్డకట్టించాడు. దిశను తిప్పి అదే బొట్టును కరిగించాడు. తీగలను అటూ ఇటూ మార్చితే మంచు నీరవుతుంది, నీరు మంచవుతుంది. ఆ బొట్టును చూసినవారికి కరెంటు ఒక దిశలో వేడిని, మరొక దిశలో చలిని పుట్టించినట్లే, అంటే వేడికీ చలికీ సమానమైన సత్త, ఉనికి ఉన్నట్లే తోచి ఉంటుంది.

తెలుగు నుడికారం కూడా మొదట ఆ అభిప్రాయానికే సాక్ష్యం పలుకుతుంది. ఈ భాషలో చలి పుడుతుంది, చలి పెడుతుంది, చలి వేస్తుంది. నెగడు దగ్గర కూర్చున్నవాడు వేడి కాచుకోడు, చలి కాచుకుంటాడు. చలి ఇక్కడ లేమి కాదు, వచ్చి మీద పడేది, పోగొట్టుకోవలసినది. అయితే అదే భాషలో పాలు చల్లారుతాయి, కోపం చల్లారుతుంది. ఆ మాటలోని ఆరడం దీపానికీ నిప్పుకూ చెప్పే మాట, ఉన్నది పోవడాన్ని చెప్పే మాట. చలి అన్నప్పుడు భావం, చల్లారడం అన్నప్పుడు అభావం: రెండు మతాలూ ఒకే నోట పక్కపక్కనే బతుకుతున్నాయి.

అభావపక్షానికి బలం చేకూర్చేది బిళ్ల రెండో ముఖం. అక్కడ అల్యూమినియం రెక్కల హీట్ సింకు, దాని మీద ఫ్యాను, మధ్యలో థర్మల్ పేస్టు పూత లేకపోతే ఏమి జరుగుతుందో ఒకసారి చేసినవారెవరూ మరచిపోరు: చల్లబడుతున్నట్లు కనిపించిన పలక కొద్దిసేపటికే గోరువెచ్చనై, ఆ తరువాత వేడెక్కి, చివరకు లోపలి టంకం కరిగి బిళ్ల పాడవుతుంది. బిళ్ల 50 వాట్ల విద్యుత్తు తీసుకుని ఒక ముఖం నుంచి 25 వాట్ల వేడిని తోడుతున్నదనుకుంటే, రెండో ముఖం 75 వాట్లు విడుదల చేయవలసి ఉంటుంది. ఎస్ఎంపీఎస్ నూటికి ఎనభై పాళ్ల సామర్థ్యంతో పనిచేసేదైతే, ఆ 50 వాట్లు అందించడానికి సాకెట్ నుంచి 62.5 వాట్లు తీసుకుని, తేడాను తన ఫ్యాను గుండా వేడిగాలిగా ఊదుతుంది. తలుపులు మూసిన గదిలో ఇటువంటి చల్లని పెట్టెను నడిపితే గది వేడెక్కుతుంది తప్ప చల్లబడదు. అంటే ఇక్కడ చలి అన్న పదార్థం ఏదీ పుట్టలేదు. ఉన్న వేడి ఒక చోటి నుంచి మరొక చోటికి, దారి ఖర్చుతో సహా, చేరింది.

న్యాయశాస్త్రంలో అభావానికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ నేల మీద కుండ లేకపోవడం. అభావమంటే ఉత్త శూన్యం కాదు. ఏది లేదో ఆ ప్రతియోగి, ఎక్కడ లేదో ఆ అధికరణం, రెండూ చెబితేనే అభావం తెలుస్తుంది. కుండను ఎత్తి గట్టు మీద పెడితే నేల మీద కుండ లేదు, మళ్లీ తెచ్చిపెడితే ఆ లేమి పోతుంది. ఇటువంటి తాత్కాలికమైన లేమిని కొందరు తార్కికులు సామయికాభావమని వేరుగా పేర్కొన్నారు. పెల్టియర్ బిళ్ల చేసే పని అచ్చంగా ఇదే: ఒక పలక మీది వేడిని ఎత్తి రెండో పలక మీద పెట్టడం. ఐరోపాలో కూడా ఈ తగవు చాలాకాలం నడిచింది. చలికి సొంత కణాలు ఉన్నాయని తత్త్వవేత్త గసాందీ వంటివారు నమ్మారు. పద్దెనిమిదో శతాబ్ది చివరలో జెనీవాలో పిక్తే రెండు పుటాకార దర్పణాలను ఎదురెదురుగా నిలిపి, ఒకదాని నాభి వద్ద మంచును, రెండోదాని నాభి వద్ద థర్మామీటరును ఉంచినప్పుడు, చలి కిరణాలు ప్రతిఫలించి వచ్చినట్లుగా థర్మామీటరులో ఉష్ణోగ్రత దిగింది. అదే నగరవాసి ప్రెవో 1791లో ఇచ్చిన వివరణ ప్రకారం అక్కడ ప్రయాణించింది చలి కాదు; థర్మామీటరు మంచు వైపు పంపిన వేడి ఎక్కువ, తిరిగి పొందినది తక్కువ. ఆ వివరణే నిలిచింది.

ఇంతటితో నైయాయికులు ఓడిపోయినట్లు తీర్పు చెప్పడం తొందరపాటు. వారి మూడో స్పర్శను మరచిపోకూడదు. వేడి లేకపోవడమే చలి అయితే, వేడి లేని ప్రతిదీ చల్లగా తగలాలి. కాని వేడిగానూ చల్లగానూ కాక ఊరికే తగిలేవి లోకంలో కావలసినన్ని ఉన్నాయి. అనుష్ణాశీతం అన్న గడిని ఉంచుకున్న శాస్త్రం ఉష్ణాభావమూ శీతమూ ఒకటి కావన్న సంగతిని ముందే గుర్తించింది. చీకటిలో కన్నుకు ఏమీ అందదు, అందకపోవడమే చీకటి తెలియడం. మంచుముక్క పట్టుకున్న అరచేతికి మాత్రం ఏమీ అందకపోవడం కాదు, ఏదో గట్టిగా, బాధించేంతగా అందుతుంది. పంటివైద్యుడి మందుతో మొద్దుబారిన పెదవికి వేడి తెలియదు, అయినంత మాత్రాన అది చల్లగా ఉన్నట్లూ తోచదు. మొద్దుబారిన ఇంద్రియానికి లేమిని గ్రహించే యోగ్యతే లేదని, యోగ్యత ఉన్నచోట తెలియకపోవడమే అనుపలబ్ధి అనే ప్రమాణమని భాట్టమీమాంసకులు బదులు చెప్పవచ్చు, ఆ బదులు సరైనదే. అయినా చలి అనుభవం అనుపలబ్ధి వంటిది కాదన్న వాదన దానివల్ల చెదరదు.

శరీరశాస్త్రం ఇక్కడ తార్కికుల పక్షాన నిలబడడం గమనించదగినది. చర్మం మీద వెచ్చదనాన్ని గుర్తించే చోట్లు వేరు, చల్లదనాన్ని గుర్తించే చోట్లు వేరు అని 1880లలోనే పరిశోధకులు కనుగొన్నారు. 2002లో చలికి స్పందించే ట్రిప్‌ఎమ్8 అనే గ్రాహకం వెలుగులోకి వచ్చింది. చర్మం ఉష్ణోగ్రత పడిపోయినప్పుడు తెరుచుకునే ఈ ద్వారం పుదీనాజాతి మొక్కలలోని మెంథాల్‌కు కూడా తెరుచుకుంటుంది, అందుకే పిప్పరమెంటు నోట్లో వేసుకుంటే నాలుక చల్లబడకుండానే చల్లదనం తెలుస్తుంది. వేడి, చలి, కారం వంటి స్పర్శల గ్రాహకాలపై జరిపిన పరిశోధనకు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. కన్నులో చీకటి గ్రాహకమంటూ వేరే లేదన్న మాట పూర్తిగా కచ్చితమైనది కాకపోయినా, చలికి చర్మంలో సొంత వాకిలి ఉన్నదన్న మాటలో సందేహం లేదు. త్వగింద్రియం భావరూపంగా గ్రహించేదాన్ని భావంగానే లెక్కించిన ప్రాచీనులు అనుభవాన్ని నమ్మకంగా చదివారు.

వారు తప్పిన చోటు వేరే ఉంది. కాచిన నీరు పక్కన పెడితే తనంతట చల్లబడుతుంది కాబట్టి వేడి దానికి వచ్చిపోయేదనీ, అది లోపల చేరిన తేజస్సు కణాలదనీ, చల్లదనమే దాని స్వభావమనీ వారి వాదం. కాని తనంతట వదిలేసిన నీరు గది ఉష్ణోగ్రత దగ్గర ఆగిపోతుంది, దానికి దిగువకు పోదు. వైశాఖంలో మట్టికుండలోని నీరు గది కంటె చల్లగా ఉండడానికి కారణం నీటి స్వభావం కాదు. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోవడం, అందుకు ప్రతిరోజూ కుండలో కొంత నీరు తరిగిపోవడం. చలివేంద్రం నిర్వాహకుడు సాయంత్రానికి కుండను మళ్లీ నింపేది తాగినవారి కోసమే కాదు, ఎగిరిపోయిన నీటి కోసం కూడా. పరిసరం కంటె చల్లగా ఉన్నది ఏదైనా, కుండ కానీ బిళ్ల కానీ, దేన్నో చెల్లిస్తూ అలా ఉంటుంది.

బౌద్ధులు మరొక కొసను పట్టుకున్నారు. థేరవాద అభిధర్మంలో చల్లదనం వేరే ధాతువు కాదు. వేడి, చలి రెండూ తేజోధాతువే, అది మందంగా ఉన్నప్పుడు చలి అన్న భావన కలుగుతుంది. సున్నా సెల్సియస్ వద్ద ఉన్న మంచుగడ్డ కూడా పరమశూన్యం, అంటే వేడి ఇక తగ్గడానికి వీలులేని హద్దు కంటె 273 డిగ్రీలు పైన ఉన్నదని నేటి శాస్త్రం చెప్పే మాటకు ఇది ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంటుంది. ఇదే సంగతి అభావపక్షానికి కూడా దెబ్బ: కుండ నేల మీద ఉంటుంది లేదా ఉండదు, కొంచెం లేకపోవడం అంటూ లేదు, మంచుపట్టిన పలకలో మాత్రం వేడి పుష్కలంగా ఉంది, పక్కదాని కంటె తక్కువగా ఉంది, అంతే. బౌద్ధాచార్యుడు వసుబంధువు అభిధర్మకోశభాష్యంలో శీతాన్ని వెచ్చదనం మీద కోరిక పుట్టించేదిగా నిర్వచించి, మాటను అనుభవించేవాడి వైపు తిప్పాడు. గీత రెండో అధ్యాయంలో వచ్చిపోయేవిగా చెప్పిన శీతోష్ణాల దగ్గర శంకరాచార్యులు కూడా ఒక సూక్ష్మం గమనించారు: చలి ఒకప్పుడు సుఖం, ఒకప్పుడు దుఃఖం, వేడీ అంతే, వాటికి నియతమైన స్వరూపం లేదు, సుఖదుఃఖాలు అలా మారవు కనుక వాటిని వేరుగా చెప్పారు.

పోల్చి చూస్తేనే ఉండేది అన్న గుణానికి నైయాయికులకు తోడైన వైశేషికుల గుణాల పట్టికలోనే చోటు ఉంది. పరత్వం, అపరత్వం, అంటే దూరం దగ్గర, ముందు వెనక అన్న రెండు గుణాలు, వస్తువులను ఒకదానితో ఒకటి పోల్చే అపేక్షాబుద్ధి వల్ల పుట్టి అది పోగానే పోతాయని వారు చెప్పారు. చల్లదనాన్ని స్పర్శల వరుస నుంచి లేపి వీటి పక్కన కూర్చోబెట్టవచ్చునన్న ఆలోచన ఆకర్షణీయమైనదే. కాని పూర్తిగా కుదరదు. పోల్చే మనిషి లేని గదిలో కూడా వేడి ముఖం నుంచి చల్లని ముఖానికి వేడి వెనక్కి పారుతూనే ఉంటుంది. బిళ్లలో కరెంటు పెంచుతూ పోతే తోడే వేడి కరెంటుతో పాటు పెరుగుతుంది, దిమ్మెల అవరోధం వల్ల లోపలే పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. ఒక హద్దు దాటితే, ఎంత విద్యుత్తు పోసినా చల్లని ముఖం వెచ్చబడడమే జరుగుతుంది. పసుపు తీగలకు బదులు 5 వోల్టుల ఎర్ర తీగలకు తగిలిస్తే చలి తక్కువగానే వస్తుంది, కాని ఖర్చుపెట్టిన ప్రతి వాటుకూ తోడే వేడి పెరుగుతుంది. ఇవేవీ పోల్చే బుద్ధి మీద ఆధారపడినవి కావు. చల్లదనం రెండు చోట్ల మధ్య తేడా. అయితే ఆ తేడా మనసులోనిది కాదు, వస్తువులలోనిది, నిలబెడితే నిలబడేది.

లేమి పని చేయగలదా అన్న ప్రశ్నకు తార్కికుల జవాబు ఇక్కడ కొత్త వెలుగులో కనిపిస్తుంది. మణిని పక్కన ఉంచితే నిప్పు కాల్చదు, తీసేస్తే కాలుస్తుంది అన్న పాత ఉదాహరణలో మీమాంసకులు నిప్పులో శక్తి అనే వేరే పదార్థాన్ని ఒప్పుకున్నారు. నైయాయికులు ఒప్పుకోక, ప్రతిబంధకం లేకపోవడమే ఒక కారణమని, అభావం కూడా కార్యాన్ని కలిగించగలదని నిలబడ్డారు. బిళ్లలోని సగం దిమ్మెలలో వేడిని మోస్తున్నవి రంధ్రాలు, ఎలక్ట్రాన్లు లేని చోట్లు. నిజానికి కదిలేవి చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లేనని, రంధ్రం లెక్కకు అనువైన మాట అని చెప్పవచ్చు. అయినా ఆ ఖాళీకి దిశ ఉంది, వేగం ఉంది, ధనావేశపు లెక్క ఉంది, అది లేకుండా ఈ చలి లేదు. ఒక లేమి ఇంత నమ్మకంగా బరువు మోస్తుంటే, దానిని ఉత్త మాట అని తోసిపారేయడం కష్టం.

ఇక ఆకుపచ్చ తీగను నల్ల తీగ నుంచి విడదీసినప్పుడు జరిగేది చూడాలి. ఎస్ఎంపీఎస్ ఫ్యాను ఆగుతుంది, బిళ్ల తీగలను పసుపు, నల్ల తీగల నుంచి తీసివేసి మల్టీమీటరుకు కలిపితే, సరఫరా ఏదీ లేకపోయినా అంకె కనిపిస్తుంది: రెండు ముఖాల మధ్య నలభై డిగ్రీల తేడా మిగిలి ఉంటే సుమారు రెండు వోల్టులు. ఇది 1821లో సీబెక్ గమనించిన ఫలితం, పెల్టియర్ ఫలితానికి తిరుగుముఖం. నిలబెట్టిన తేడా ఇప్పుడు తానే విద్యుత్తునిస్తున్నది, చిన్న మోటారు తగిలిస్తే కాసేపు తిప్పుతుంది కూడా. వేడి ఒక్కటే ఈ పని చేయలేదు, రెండు ముఖాలూ ఒకేలా కాలుతున్నా అంకె సున్నాయే. చల్లని ముఖం చల్లగా ఉండడం వల్లనే వోల్టేజి ఉంది. హీట్ సింకులో దాచిన వేడి దిమ్మెల గుండా మెల్లగా వెనక్కి నడిచి వస్తుంది, పలక మీది మంచు నీరవుతుంది, నీటి చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి అంచు నుంచి జారుతాయి, మీటరులో అంకె వోల్టు కిందికి, అర వోల్టు కిందికి దిగి, రెండు ముఖాలూ గదితో సమానమయ్యే వేళకు సున్నా దగ్గర నిలుస్తుంది.